2000 నాటి సకాజవియా డాలరు ‘చీరియోస్’ రకమో కాదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

మీ మామయ్యగారు అమెరికా నుంచి తెచ్చిచ్చిన బంగారు రంగు డాలరు మీద 2000, దాని కింద ‘పి’ అక్షరం ఉన్నాయన్నారు. వీడియోల్లో వేల డాలర్లు పలుకుతుందంటున్నారు, మాదీ అదేనా అని అడిగారు.

ఆ ధర నిజమే, కానీ అది ‘చీరియోస్ డాలరు’ అనే రకానికి. చీరియోస్ అంటే అమెరికాలో పొద్దున్నే పాలల్లో వేసుకుని తినే ఒక అల్పాహారం. ఆ ఏడాది ఫిలడెల్ఫియా టంకశాల, సకాజవియా అనే ఆదివాసీ మహిళ బొమ్మ ఉన్న ఈ డాలర్లను 76 కోట్లకు పైగా ముద్రించింది. ‘పి’ అంటే ఆ టంకశాల గుర్తే. వాటిలో చీరియోస్ డబ్బాల్లోకి వెళ్లినవి 5,500. చేతులు మారి అరిగిన మామూలు నాణేనికి ఒక డాలరు మించి రాదు. బంగారం అని ఎవరైనా అంటే నమ్మకండి. లోపల రాగి, పైన మాంగనీసు కలిసిన ఇత్తడి, అంతే.

నేను న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో రైలు టికెట్ మిషన్లో ఇరవై డాలర్ల నోటు పెడితే చిల్లరంతా ఈ నాణేలే గలగలా పడేవి. అక్కడ పట్టుకుంది నాకీ పిచ్చి. తర్వాత బ్యాంకులో అడిగి రోల్స్ (కాగితంలో చుట్టిన నాణేల కట్టలు) తెచ్చుకుని, రాత్రిళ్లు ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పి చూసేవాణ్ణి. అసలు చీరియోస్ నాణేన్ని మాత్రం ఒక ప్రదర్శనలో డీలర్ బల్ల మీదే చూశాను, మామూలు దాని పక్కన పెట్టి. పక్కపక్కన ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒక్కటే చేతిలో ఉన్నప్పుడే తంటా అంతా.

2000 మొదట్లో కొత్త నాణేన్ని జనంలోకి తీసుకెళ్లడానికి చీరియోస్ డబ్బాల్లో, సుమారు రెండు వేల డబ్బాలకొకటి చొప్పున పెట్టారు. వీటిని ముందుగా ముద్రించిన అచ్చులో, బొరుసు మీదుండే గద్ద తోక ఈకలు చాలా సన్నని పనితనంతో ఉన్నాయి. పెద్ద ఎత్తున ముద్రణ మొదలయ్యేసరికి ఆ తోకను మార్చేశారు. 2005 దాకా ఆ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

కాబట్టి మీరు చూడాల్సింది బొరుసు వైపు గద్ద తోక. అందులోనూ సరిగ్గా మధ్య ఈక. చీరియోస్ రకంలో ఆ ఈక నడుమ కొబ్బరాకు ఈనెలా ఒక గీత పైకి ఉబ్బి ఉంటుంది, దానికి రెండు పక్కలా ఏటవాలు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. మామూలు నాణెంలో అదే చోట ఉబ్బుకు బదులు సన్నని గాడి ఉంటుంది, పక్క గీతలు అంత తేటగా ఉండవు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఫోన్ ఫోటోలో గాడి కూడా ఉబ్బులాగే కనిపిస్తుంది. గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒకే దీపాన్ని నాణేనికి ఎడమ వైపు, వెలుగు ఏటవాలుగా పడేలా బాగా కిందికి పెట్టండి. ముందు ‘వన్ డాలర్’ అక్షరాలు చూడండి. అవి కచ్చితంగా ఉబ్బెత్తువే కాబట్టి దీపం వైపున్న అంచు మెరుస్తుంది, అవతలి అంచు నీడలో ఉంటుంది. ఇప్పుడు మధ్య ఈక గీత దీపానికి అడ్డంగా వచ్చేలా నాణేన్ని తిప్పండి. ఈ గీతలోనూ దీపం వైపు అంచే మెరిస్తే ఉబ్బు. అవతలి అంచు మెరిస్తే గాడి. నేను ఏ నాణెం చూసినా మొదట చేసే పరీక్ష ఇదే, దీన్ని మించింది లేదు.

ఇదే పరీక్ష ఇంకో రకానికీ పనికొస్తుంది. అదే 2000 ‘పి’లో గద్ద రొమ్ముకు అడ్డంగా గీతలుండే ‘గాయపడ్డ గద్ద’ అని ఒకటుంది. అచ్చు మీద గాటు పడితే నాణెం మీద గీత ఉబ్బుతుంది. నాణెం మీదే గీరుకుంటే గుంట పడుతుంది. వీడియోలు చూసి నాకు పంపిన ఫోటోల్లో ఎక్కువ భాగం తాళంచెవుల మధ్య నలిగి గీరుకున్నవే.

అధ్యక్షుల బొమ్మల డాలర్ల అంచు మీద రాత తలకిందులుగా ఉందని కూడా అడుగుతుంటారు. అంచు రాత విడిగా వేస్తారు, నాణేలు మిషన్లోకి ఎటు పడితే అటు వెళ్తాయి, కాబట్టి అందులో విశేషమేమీ లేదు. 2007 వాషింగ్టన్ డాలరు అంచు మీద అసలు రాతే లేకపోతే మాత్రం దాచుకోండి.

ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. నాణెం నల్లబడిందని చింతపండు, పీతాంబరి పెట్టి తోమకండి. ఈ లోహం గోధుమ రంగుకు తిరగడం సహజం. తోమిన నాణెం అసలైనదైనా సేకర్తలు ధర తగ్గించేస్తారు. అంచులు పట్టుకునే చూడండి.

పరీక్షలో ఉబ్బు అని తేలితేనే నాణేలను పరీక్షించి ధ్రువీకరించే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల్లో ఒకదానికి పంపే ఆలోచన చేయండి, వాళ్ల ఫీజు, తపాలా ఖర్చు మామూలు నాణేనికి దండగ. ముందు తోక వరకు రెండు ఫోటోలు, దీపం ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ‘వన్ డాలర్’ అక్షరాలు కూడా ఫ్రేములో పడాలి. చూసి చెబుతాను.