బోటు ఇంజిన్ల పని నేర్చుకుంటానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కాకినాడ. చేపల వేటే మా బతుకు. అన్నదమ్ములం కలిసి ఒక మెకనైజ్డ్ బోటు నడుపుతున్నాం. ఈ ఏడాది వేట నిషేధం మొదలవడానికి వారం ముందు ఇంజిన్‌లోకి ఉప్పునీళ్లు పోయి ఆగిపోయింది. నిషేధం రెండు నెలలూ మా అబ్బాయి జెట్టీ దగ్గర మేస్త్రితోనే ఉన్నాడు. పాత ఇంజిన్ విప్పి, కొత్తది బిగించేదాకా ఇంటికి సరిగ్గా అన్నానికి కూడా రాలేదు. ఇంటర్ ఎంపీసీ 71 శాతంతో పాసయ్యాడు. ఇప్పుడు ఇదే పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు. నాకేమో మర్చంట్ నేవీలో వేయాలని ఉంది. ఒక ఏజెంటు ఆరు లక్షలకు ఓడ మీద ఉద్యోగం ఖాయం అంటున్నాడు. మా బావమరిది సీఎస్ఈలో చేర్చమంటున్నాడు. నేను పడ్డ కష్టం వాడు పడకూడదు. మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం 'నేను పడ్డ కష్టం వాడు పడకూడదు' అన్నది. భీమిలి నుంచి రాసినా, ఉప్పాడ నుంచి రాసినా, నిజాంపట్నం నుంచి రాసినా ఈ వాక్యం లేని ఉత్తరం నాకు రాలేదు. మీరు భయపడుతున్నది గ్రీజుకి కాదు, సముద్రానికి. రాత్రుళ్లు వేటలో గడిపిన మనిషికి ఆ భయం ఉండి తీరుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ కొడుకుని సముద్రానికి దూరంగా ఉంచాలనుకుంటూ, ఏడాదిలో ఏడెనిమిది నెలలు నడిసముద్రంలో ఉండే ఉద్యోగానికి ఆరు లక్షలు కట్టబోతున్నారు. మీ అబ్బాయి అడుగుతున్నదేమో ఒడ్డున ఉండి చేసుకునే పని. ఇది మీకు తట్టలేదా?

ఒక మాట అడుగుతాను. ఆ రెండు నెలల్లో మీ వాడు జెట్టీ దగ్గర ఏం చేశాడో ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? అడగలేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. 'పాత ఇంజిన్ విప్పి, కొత్తది బిగించేదాకా' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క ముక్కలో ఎంత ఉందో నేను చెబుతాను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. హార్బర్‌లో చాలా బోట్లు మునిగాయి. నా దగ్గరికి సలహాకి వచ్చే ఒక కుర్రాడి కుటుంబం బోటు కూడా అందులో ఉంటే చూడటానికి వెళ్లాను. పైకి తేల్చిన ఒక బోటు యజమాని ఆత్రం ఆపుకోలేక, మేస్త్రి వచ్చేలోపే సెల్ఫ్ కొట్టాడు. లోపల నుంచి 'టక్' మని ఒక్కటే శబ్దం. అంతే, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చేసరికి గాలి దాదాపు పదిహేడో వంతుకు నలుగుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే విరగాల్సింది ఇనుమే. అప్పటిదాకా శుభ్రం చేస్తే బతికే ఇంజిన్ ఆ ఒక్క నొక్కుతో పోయింది.

పక్క బోటు దగ్గర మరో పెద్ద మేస్త్రి ఉన్నాడు. ఆయన బ్యాటరీ వైరు ముందే ఊడదీసి పక్కన పెట్టాడు. ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల లాగి చూశాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. కింద డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లు వచ్చాయి, తర్వాత ఆయిల్ వచ్చింది. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు అన్నీ తీసి, ఫ్లైవీల్‌ను గడ్డపారతో చేత్తోనే మెల్లగా తిప్పాడు. రెండో సిలిండర్ కన్నంలోంచి నీళ్లు చిమ్ముకొచ్చాయి. ఆ చుక్కలు రెండు ఒక రేకు మీద వేసి, కింద అగ్గి చూపించి ఆరబెట్టాడు. తెల్లటి పొర మిగిలింది. 'ఉప్పు' అన్నాడు. వాన నీళ్లయితే పొర మిగలదు, ఇంజిన్‌ని చల్లార్చే కూలెంట్ అయితే రంగు, జిగురు ఉంటాయి. దాన్ని బట్టి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం మొదలవుతుందన్నమాట.

మునిగిన బోటు సంగతి వేరు, అక్కడ కారణం కళ్ల ముందే ఉంటుంది. మీ బోటు మునగలేదు, అయినా నీళ్లు పోయాయి. అలాంటప్పుడు దారులు చాలా ఉంటాయి. పొగ గొట్టం మూత సరిగ్గా పడక కెరటం నీళ్లు దిగి ఉండొచ్చు. సముద్రపు నీటితో చల్లార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో గొట్టం తుప్పు పట్టి చిల్లు పడి ఉండొచ్చు. ఆయిల్ కూలర్ కారి ఉండొచ్చు. హెడ్ గాస్కెట్ కాలి ఉండొచ్చు. నీళ్ల పంపు సీలు పోయి ఉండొచ్చు. ఒక్కొక్కదానికి ప్రెషర్ పెట్టి, ఎక్కడ తగ్గుతోందో చూసి, ఒక్కొక్కటీ కొట్టేస్తూ రావాలి. ఇది తేల్చకుండా కొత్త ఇంజిన్ దింపితే అదీ ఆరు నెలల్లో ఇదే గతి పడుతుంది. చాలామంది యజమానులు చేసేది అదే. ఇంజిన్ మారుస్తారు, కారణం పాతదే ఉంటుంది.

ఇక బిగించడం. బోటు ఒడ్డున ఉన్నప్పుడు, ఇంజిన్ నుంచి ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) వెళ్లే షాఫ్టు సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తుంది. నీళ్లలోకి దింపాక బోటు అడుగు కొంచెం సర్దుకుంటుంది. అప్పుడు మళ్లీ, షాఫ్టుని గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్ రెండు పలకల మధ్య నాలుగు వైపులా, సందు కొలిచే పలుచటి ఫీలర్ గేజి పెట్టి చూడాలి. వెంట్రుక మందం తేడా ఉన్నా గేర్‌బాక్స్ సీలు, బేరింగు తినేస్తుంది. కొత్త ఇంజిన్ హార్స్‌పవర్‌కి, గేర్ రేషియోకి ఫ్యాన్ సరిపోవాలి. ఫ్యాన్ పెద్దదైతే ఇంజిన్ స్పీడు అందుకోలేక నల్లటి పొగ కక్కుతుంది. చిన్నదైతే ఉత్తినే పరిగెత్తి అరిగిపోతుంది.

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన మీ వాడు ఈ రెండు నెలలు దీని మధ్య కూర్చున్నాడు. అన్నానికి రాలేదని మీరు కోప్పడ్డారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఫోన్ పక్కన పెట్టి ఒక పని మీద రెండు నెలలు కూర్చున్నాడంటే, నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది మిమ్మల్ని చూసి అసూయపడతారు. ఒక్క మాట కాస్త గట్టిగానే అంటాను, కోపం తెచ్చుకోకండి. ఏజెంటు చెప్పిన ఆరు లక్షల లెక్క మీకు రూపాయితో సహా గుర్తుంది. మీ కొడుకు ఏం కనిపెట్టాడో మీకు తెలియదు. ఇంట్లో ఈ లెక్క ముందు సరిచేయండి.

ఆ ఆరు లక్షల గురించి. తీరం వెంబడి ఇప్పుడు మర్చంట్ నేవీ పేరు మారుమోగుతోంది. తెల్ల యూనిఫాం, డాలర్ల జీతం. ఆ ఉద్యోగం చెడ్డదని నేను అనను. మెరైన్ ఇంజినీరింగ్ నాలుగేళ్ల బీటెక్ చేసి ఆఫీసరుగా వెళ్లినవాళ్లు బాగానే ఉన్నారు, మీ అబ్బాయి మార్కులకి ఆ దారి మూసుకుపోలేదు కూడా. నా అనుమానమంతా మధ్యలో నడుస్తున్న వ్యాపారం మీద. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలోనే ఉంది, మన దేశం 2015లో అందులో చేరింది. ఓడల మీదికి మనుషులను పంపే సంస్థకి, కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉండాలి. ఆ పేర్లు డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. 'ఖాయం' అన్న ఏజెంటుని ఆ లైసెన్సు నంబరు అడగండి. నంబరు చెప్పకుండా ఫోటోలు, వీడియోలు చూపిస్తే అక్కడే లేచి వచ్చేయండి. చిన్న దేశాల పేరు మీద సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, ఇప్పించి, ఎక్కడో పాత ఓడ ఎక్కించి, జీతం రాక, ఇంటికి రాలేక ఏడ్చిన పిల్లల తండ్రులు నా ముందు కూర్చున్నారు. వాళ్లందరికీ మొదట్లో 'ఖాయం' అనే చెప్పారు. సరైన కాలేజీలో కోర్సు పూర్తి చేసినా ట్రైనింగ్‌కి ఓడ దొరక్క నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. అది కూడా తెలుసుకుని దిగాలి.

సీఎస్ఈ గురించి ఎక్కువ చెప్పను. మీ అబ్బాయికి ఇష్టమైతే మంచిదే. ఉత్తరం మొత్తంలో ఆ ఇష్టం మీ బావమరిదికే ఉన్నట్టు కనిపించింది.

ఇప్పుడు మీ వాడి దారి. మేస్త్రి దగ్గర పని నేర్చుకోవడం ఒక్కటే సరిపోదు, ఇది మీ అబ్బాయికి చెబుతున్నాను. విశాఖలో సిఫ్‌నెట్ ఉంది, చేపల వేట బోట్ల పనుల్లో శిక్షణ ఇచ్చే సంస్థ. కేంద్ర ప్రభుత్వానిది, 1963లో కొచ్చిలో మొదలైంది, విశాఖ శాఖ 1981 నుంచి నడుస్తోంది. అక్కడ బోటు ఇంజిన్ల పని నేర్పే మెరైన్ ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. పదో తరగతిలో లెక్కలు, సైన్సు మార్కుల మీదే అర్హత, ఇంటర్ ఎంపీసీ వాడికి ప్రవేశ పరీక్ష కష్టం కాదు. వయసు పరిమితి ఉంది కాబట్టి ఈ ఏడాది ప్రకటన వదులుకోకండి. ఆ సర్టిఫికెట్‌తో తర్వాత కొంతకాలం బోటు మీద పనిచేస్తే, ఫిషింగ్ వెసెల్ ఇంజిన్ డ్రైవర్ పరీక్ష రాయొచ్చు. రాయకుండా ఒడ్డునే ఉండిపోవచ్చు కూడా. హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేస్తే కోస్ట్ గార్డులో యాంత్రిక్ (సాంకేతిక) పోస్టులకి దారి ఉంది. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ల కంపెనీలకి సర్వీసు చేసేవాళ్లు కావాలి, గోదావరిలో తిరిగే లాంచీలకీ కావాలి.

కష్టాలు దాచను. జెట్టీ మీద పని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, నిషేధం రోజుల్లో, ఊపిరాడనంత ఉంటుంది. వేట మొదలయ్యాక అందులో సగం ఉండదు. అరువు పని ఎక్కువ, వసూలు తక్కువ. మూసిన ఇంజిన్ గదిలో పొగ పీల్చి పడిపోయినవాళ్లున్నారు, వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కొత్త ఇంజిన్లలో కంప్యూటర్ ఉంటుంది, స్కానర్ పెట్టి చదవాలి, మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. చెవితో విని చెప్పే తరం వెళ్లిపోతోంది. అందుకే చదువుకున్న కుర్రాడు ఈ పనిలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నాజిల్ కన్నం వైపు చూసే కన్ను, మాన్యువల్ చదివే కన్ను రెండూ ఉన్నవాడు మన తీరంలో దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

నలుగురూ ఏమంటారో, రేపు పిల్లనెవరిస్తారో అన్న టెన్షన్ మీకుందని ఉత్తరంలో రాయకపోయినా నాకు అర్థమైంది. మీ చేతికి ముప్పై ఏళ్లుగా చేపల వాసన ఉంది. ఆ చేత్తోనే పిల్లల్ని చదివించారు. ఎవరి ముందూ తల దించలేదు. మీ వాడి చేతికి గ్రీజు అంటితే మాత్రం ఎందుకు దించుకోవాలి? పైగా తుపాను హెచ్చరిక వచ్చిన రోజు అందరూ వెతికేది ఇంజిన్ మేస్త్రినే కదా. ఆ రాత్రి మీ అబ్బాయి ఒడ్డున ఉంటాడు. మీరు కోరుకున్నది అదే.

ఈ వారం రెండు పనులు చేయండి. ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు తీసి పెట్టుకుని వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోలీసు స్టేషన్‌కి వెళ్లండి. రెండోది, అబ్బాయిని మీ బోటు మీదికి తీసుకెళ్లి, ఇంజిన్ గది తలుపు తీసి, నీళ్లు ఎక్కడి నుంచి పోయాయో చూపించమని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. సిఫ్‌నెట్ దరఖాస్తు నింపేటప్పుడు ఏమైనా తికమక ఉంటే వాడినే నాకు రాయమనండి.