శాలువాల లెక్క ఒక్క పేరాలో చాలు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్తపేట శిల్పి గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ ఏడాది ఆయన ఎన్ని విగ్రహాలు చేశారో, ఎక్కడెక్కడ ఆవిష్కరించారో, ఎవరు శాలువా కప్పారో, పొరుగు రాష్ట్రం నుంచి మొదటి ఆర్డరు ఎప్పుడు వచ్చిందో అన్నీ ఉన్నాయి. ఆయన మాత్రం కనిపించలేదు.

“రాత్రిపూట కూడా లేచి మట్టిబొమ్మ మీది గోనెపట్టా తడిపి వస్తారు” అన్న వాక్యం దగ్గర నాకు ప్రాణం లేచివచ్చింది. నువ్వేమో మరుసటి వాక్యంలోనే పురస్కారానికి వెళ్ళిపోయావు. అక్కడే కూర్చోవలసింది. ఆరే మట్టి కుంచించుకుపోతుంది, లోపలి ఇనుప చట్రం కుంచించుకోదు. అందుకే తడి తగ్గితే బొమ్మ బీటలు వారుతుంది. అంతగా కాపాడుకున్న ఆ బొమ్మ చివరికి మిగలదు. ప్లాస్టర్‌తో అచ్చు తీసేటప్పుడు ముక్కలైపోతుంది. కూడలిలో నిలబడే కంచు విగ్రహమో ఫైబర్ విగ్రహమో ఆ అచ్చులోంచి వచ్చినదే. ముక్కలైన మట్టిని నానబెట్టి, పిసికి, తర్వాతి విగ్రహానికి వాడుకోవచ్చు. నువ్వు లెక్కపెట్టిన కాటన్ దొర, అంబేద్కర్, ఆ ఊరి మాజీ సర్పంచి అందరూ ఒకే మట్టిలోంచి లేచారేమో! అడిగావా?

తొలి రోజుల్లో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక శిల్పి సన్మాన సభ గురించి నాలుగు పేజీలు రాశాను. అంతకు వారం ముందు ఆయన షెడ్డులో చూసినదాన్ని వదిలేశాను. చనిపోయిన తండ్రి బొమ్మ చూడటానికి ఒకావిడ వచ్చింది. శిల్పికి దొరికిన ఆధారం రేషన్ కార్డు మీది ఫొటో ఒక్కటే. ఆవిడ చాలాసేపు చూసి, “నాన్నకు ఎడమ కనుబొమ కాస్త పైకి ఉండేదండీ” అంది. ఆయన బొటనవేలితో మెల్లగా ఒత్తారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడాది ఆయనకు దక్కిన అసలైన గుర్తింపు అదే. రాయలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్ళు చూశావు కదా. ఏలినవాళ్ళ పేర్లు చరిత్రలో నిలిచాయి. గోలింగేశ్వరాలయం గోడల మీద ఉలి ఆడించినవాళ్ళు మాత్రం ఎవరో మనకు తెలియదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, ఆ కృతజ్ఞతతో డెల్టాలో ఎన్నో ఊళ్ళు కాటన్ విగ్రహాలు నిలుపుకున్నాయి. ఈసారి ఒకదాని దిమ్మె దగ్గర ఆగి చదువు. ఆవిష్కరించినవారు, దాతలు పెద్ద అక్షరాల్లో ఉంటారు, శిల్పి పేరు వెతుక్కోవాలి. నీ వ్యాసంలోనూ మంత్రిగారు నాలుగుసార్లు వచ్చారు, మట్టి పిసికే సహాయకులు ఒక్కసారైనా రాలేదు. అది ముందు దిద్దు.

సభలేవీ లేని రోజు చూసుకుని, రావులపాలెంలో పొద్దున్నే బస్సెక్కు. వాళ్ళు మట్టి కలిపే వేళకు అక్కడ ఉండాలి. ఒప్పుకుంటే నువ్వూ ఒక ముద్ద పిసికి చూడు. తిరిగొచ్చి రాసినది నాకు పంపు, ఎదురుచూస్తుంటాను.