రోబోలకు హక్కులు వస్తాయా?

యంత్రాలకు ప్రాణం లాంటిది వస్తే హక్కులు ఇస్తారా అని అడిగారు.

హక్కులకు ప్రాణమే ఉండాలని చట్టం అనదు. మా నల్లగొండ దగ్గరి చెర్వుగట్టు రామలింగేశ్వర స్వామినే తీసుకోండి. గుడిలో ప్రతిష్ఠించిన దేవుడు మన చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఆయన పేరిట ఆస్తి ఉండొచ్చు, ఆయన తరఫున మనుషులు కోర్టులో దావా వేయొచ్చు. కంపెనీలూ అంతే. 2017లో యూరోపియన్ పార్లమెంటు తెలివైన రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా ఇచ్చే సంగతి ఆలోచించమంది. అదీ నష్టం జరిగితే పరిహారం ఎవరిదన్న లెక్క కోసమే.

అసలు చిక్కు నొప్పి దగ్గరుంది. బాధ తెలిసే యంత్రాన్ని హింసించడం తప్పేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ "నొప్పిగా ఉంది" అని తెరమీద రాసినంత మాత్రాన అది రుజువు కాదు.

అలాంటి యంత్రాలు ఎప్పుడొస్తాయంటారా? మనిషి చేసే ఏ పనైనా 20 ఏళ్లలో యంత్రాలు చేస్తాయని కృత్రిమ మేధ తొలి పరిశోధకుల్లో ఒకరైన హెర్బర్ట్ సైమన్ 1965లోనే అన్నారు. ఆ గడువు దాటిపోయినా అది జరగలేదు. అందుకే నేను తేదీ చెప్పను.