పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి పీడియాట్రీషియన్ చాలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయిపోయి హౌస్ సర్జన్సీలో ఉంది. రేడియాలజీ తీసుకుంటుందనుకుంటే, కాలుష్యం వల్ల పిల్లలకు వచ్చే జబ్బుల మీద పనిచేస్తానంటోంది. దానికి అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) మేలా, ఇక్కడ పీడియాట్రిక్స్ మేలా? కన్సల్టెన్సీకి 50 వేలు అడ్వాన్స్ కట్టాం. మా బంధువుల్లో ఎవరూ ఈ కోర్సు పేరే వినలేదు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ బంధువుల తప్పేం లేదు. దీన్ని పీడియాట్రిక్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అంటారు, ఆ పేరుతో మన దగ్గర ఎండీ సీటే లేదు. కానీ పని మాత్రం బోలెడుంది. 2020 డిసెంబర్‌లో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడంతో ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ల రక్త నమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. చదువులో వెనకబడ్డ పిల్లాణ్ణి తీసుకొస్తే, ‘నాన్న ఏం పని చేస్తాడమ్మా?’ అని అడిగే డాక్టర్లు ఎంతమంది? నాన్న పాత బ్యాటరీలు విప్పే షాపులో పనిచేస్తుంటే, ఆ దుమ్ము అతని బట్టలతోనే ఇంటికి వస్తుంది. మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది ఆ ప్రశ్న అడగడమే.

ఇక ఎంపీహెచ్. ఈమధ్య ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరు నన్ను దీని గురించే అడుగుతున్నారు. చదువుగా మంచిదే. నా అనుమానం దాన్ని అమ్ముతున్న పద్ధతి మీద. ఎంపీహెచ్ చేసినంత మాత్రాన అమెరికాలో రోగిని చూసే లైసెన్స్ రాదు. యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్స్ పరీక్ష, ఆ తర్వాత రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ, అది వేరే దారి. అక్కడ 1998 నుంచి కాలుష్యం వల్ల పిల్లలకు వచ్చే జబ్బుల కోసమే ప్రత్యేక యూనిట్లు నడుస్తున్నాయి. వాటిలో పిల్లల డాక్టర్లు, టాక్సికాలజిస్టులు (విషపదార్థాల నిపుణులు) ఉంటారు. అంటే ముందు వైద్యం, తర్వాతే ఈ ప్రత్యేకత. మీ కన్సల్టెన్సీ ఈ వరస చెప్పిందా? అప్పు తీసుకుని రెండేళ్లు చదివొచ్చాక పీజీ ఎంట్రన్స్‌కు మళ్లీ మొదటి నుంచి కూర్చున్నవాళ్లను నేను చూశాను.

అందుకే నా ఓటు పీడియాట్రిక్స్‌కే. ర్యాంకు కుదరకపోతే ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం), దాన్ని తక్కువగా చూడొద్దు. ఎంపీహెచ్ మీద మనసుంటే ఆ తర్వాత హైదరాబాద్ ఐఐపీహెచ్‌ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ చేయొచ్చు. వైద్య సిబ్బంది కోసం డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన శిక్షణ పాఠాలు ఉచితమే, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

మీతో ఒక మాట, కాస్త కటువుగానే. మీ పూర్తి ఉత్తరంలో రేడియాలజీ మాట నాలుగుసార్లు వచ్చింది, సంబంధాల మాట రెండుసార్లు. అమ్మాయికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో ఒక్కచోటా లేదు. అడిగారా అసలు? వార్డులో ఏ పిల్లాణ్ణి చూసి వచ్చిందో! మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, పదిమందికి ఏం చెప్పాలన్నదాని గురించి. ‘పిల్లల డాక్టర్’ అనండి, అది అబద్ధమూ కాదు. ఆమె దారి తప్పలేదు, ఆకలితో ఉండే వృత్తీ కాదిది. నిశ్చింతగా ఉండండి.

ఆ 50 వేలు తిరిగిస్తారేమో కన్సల్టెన్సీని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోయినా, పోయింది అంతవరకే.