ఆఫీసుకెళ్తే తలదిమ్ము, ఇంటికొస్తే మాయం.. ఇది టెన్షనేనా?

ప్రశ్న: నా వయసు 32. నెల్లూరులో ఓ ప్రైవేటు ఆఫీసులో రోజంతా కంప్యూటర్ మీద పని. కిందటేడాది కొత్త బిల్డింగ్‌లోకి మారాం. కిటికీలు తెరవరు, ఎప్పుడూ ఏసీనే. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల దిమ్మెక్కుతుంది, కళ్లు మండుతాయి, గొంతు ఎండిపోతుంది. ఇంటికొస్తే తగ్గిపోతుంది. ఆదివారం అసలేమీ ఉండదు. బీపీ, షుగర్, థైరాయిడ్, కంటి పరీక్ష అన్నీ నార్మల్. అందరూ టెన్షన్ అంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

సలహా: పని ఒత్తిడి కూడా ఆదివారం కాస్త తెరిపినిస్తుంది, కాదనను. కానీ కళ్ల మంట, గొంతు ఎండడం, తలదిమ్ము మూడూ కలిసి వచ్చి, అవీ బిల్డింగ్ మారాకే మొదలై, గడప దాటగానే తగ్గుతున్నాయంటే నేను ముందు అనుమానించేది ఆ గదిని. మీ బాధ నిజమేనమ్మా. 1980ల నుంచీ వైద్యంలో దీన్ని సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అంటున్నారు.

ఏసీ బయటి గాలిని చల్లబరిచి లోపలికి పంపుతుందని చాలామంది అనుకుంటారు. గోడకు బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ ఆ పని చేయదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. పొద్దుటి నుంచి మీరంతా వదిలిన ఊపిరి, ఫినాయిల్ ఘాటు, కొత్త ప్లైవుడ్, పెయింట్ వాసన అన్నీ అక్కడే తిరుగుతుంటాయి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు. గదిలో అది 1000 దాటిందంటే అక్కడున్న మందికి సరిపడా కొత్త గాలి రావట్లేదనే చాలావరకు అర్థం.

రోహిణి కార్తెలో కిటికీ తీయమంటే నెల్లూరులో ఎవరు ఒప్పుకుంటారు? అందుకే పొద్దున ఏసీ వేయకముందు, మళ్లీ భోజనాల వేళ, ఓ పదేసి నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీసి ఫ్యాన్లు తిప్పమనండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే దాని ముందు టిష్యూ పేపర్ ముక్క పట్టి చూడండి. ఫ్యాను వైపు లాక్కుంటే పని చేస్తున్నట్టు. రెక్కలకు మసి పట్టినవి తిరుగుతూనే ఉంటాయి, కాగితం మాత్రం కదలదు. ఏసీ ఫిల్టర్ కూడా తీయించండి. మా క్లినిక్‌లో తీసినప్పుడు బూడిదరంగు దుప్పటి ముక్కలా దుమ్ము ఊడివచ్చింది. అప్పటి నుంచి నెలకోసారి కడిగిస్తున్నాను. కార్తీకం వానలకు గోడలు చెమ్మగిల్లి నల్లటి బూజు పడితే పైన పెయింట్ వేసి కప్పేయకూడదు, నీళ్లు దిగే చోటు ముందు మూయించాలి.

చలి సంగతి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో వేసిన లెక్క ప్రకారం, ఎంత బాగా సర్దినా నూటికి ఐదుగురికైనా గది వాతావరణం నచ్చదు. కాబట్టి ఒకరు శాలువా కప్పుకుంటే, ఇంకొకరు ఉక్కపోత అనడంలో వింత లేదు. అందరినీ అడిగి సర్దుకోవాలి తప్ప రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట కాకూడదు. పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అడిగి చూస్తే, జనానికి హాయిగా అనిపించింది సుమారు 29 డిగ్రీల దగ్గర. మనకు 18 అక్కర్లేదు. 24 నుంచి 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా సీటు జరుపుకోండి. స్క్రీన్ చూస్తుంటే రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూస్తూ రెప్పలార్పండి.

రెండు వారాలు ఓ నోట్‌బుక్‌లో ఏ గంటకు ఏం మొదలైందో, ఎప్పుడు తగ్గిందో రాయండి. పక్క సీట్లవాళ్లనూ రాయమనండి. మేనేజర్‌కు చూపించడానికి అంతకు మించిన ఆధారం లేదు. అప్పటికీ తగ్గకపోతే ఆ పుస్తకంతోనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. తలనొప్పితో వాంతులు, చూపు మసక, పిల్లికూతలు, జ్వరం ఉంటే రెండు వారాలు ఆగొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కరెంటు పోయి డీజిల్ జనరేటర్ వేసినప్పుడు ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే దాని పొగ లోపలికి వస్తోందేమో. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. వెంటనే అందరూ బయటికి వచ్చేయండి, 108కి ఫోన్ చేయండి.