పెద్ద నగరానికి వెళ్ళేటప్పుడు ఏ విమానాశ్రయంలో దిగాలి?

కొత్తగా విదేశానికి వచ్చిన మనవాళ్ళు తరచుగా అడిగే సందేహాల్లో ఇదొకటి. న్యూయార్క్‌కు టికెట్లు వెతికితే జేఎఫ్‌కే, లాగార్డియా, న్యూవర్క్ అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి, వీటిలో దేనికి కొనుక్కోవాలి అని అడుగుతారు. చాలామంది ఏది చవకగా ఉంటే అది కొనేసి, మిగతా సంగతి దిగాక చూసుకుందామనుకుంటారు. నా సలహా ఏమిటంటే, ముందుగా మీరు వెళ్ళవలసిన ఇంటి చిరునామాను మ్యాపులో పెట్టండి, విమానం దిగే వేళకు ఒక్కో విమానాశ్రయం నుంచి ఆ ఇంటికి ఎలా చేరుకోగలరో చూడండి, టికెట్ ధర గురించి ఆ తరువాతే ఆలోచించండి. దిగిన తరువాత టాక్సీకీ, టోలుకూ, పోయే సమయానికీ అయ్యే ఖర్చు టికెట్ మీద కనిపించదు, కాబట్టి దాన్ని మీరే లెక్క వేసి కలుపుకోవాలి.

మనం నోటితో న్యూయార్క్ అంటాము గాని, మనవాళ్ళలో చాలామంది వెళ్ళేది ఎడిసన్‌కో, జెర్సీ సిటీకో. ఆ ఊళ్ళు ఉన్నది న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూవర్క్ విమానాశ్రయం ఉన్నదీ అక్కడే. న్యూవర్క్‌లో దిగితే ఎడిసన్ దాదాపు ఇరవై మైళ్ళ దూరం. పైగా విమానాశ్రయానికి సొంత రైల్వే స్టేషన్ ఉంది కనుక, న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు ఎక్కితే ఒక వైపు మెట్రోపార్క్, ఎడిసన్, మరో వైపు మాన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్ అదే మార్గంలో వస్తాయి. అదే జేఎఫ్‌కేలో దిగి ఎడిసన్ వెళ్ళాలంటే దూరం రెట్టింపు అవుతుంది, బ్రూక్లిన్, స్టాటెన్ ఐలాండ్‌ల మీదుగా టోలు వంతెనలు దాటుకుంటూ పోవాలి, సాయంత్రం వేళ అయితే ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మీ బంధువులు క్వీన్స్‌లోనో లాంగ్ ఐలాండ్‌లోనో ఉంటే మాత్రం జేఎఫ్‌కేయే సరైనది. అక్కడినుంచి ఎయిర్‌ట్రెయిన్‌లో జమైకా స్టేషన్‌కు వెళితే లాంగ్ ఐలాండ్ రైలూ, సబ్‌వే రెండూ దొరుకుతాయి. మాన్‌హట్టన్ మధ్యలోకి మైళ్ళ లెక్కన దగ్గరైనది లాగార్డియా. కాని అక్కడికి రైలు మార్గం లేదు, క్యూ70 బస్సులో జాక్సన్ హైట్స్ చేరి సబ్‌వే పట్టుకోవాలి. చేతిలో ఒక చిన్న బ్యాగు ఉన్నవారికి అది సుఖమైన దారే, రెండు పెద్ద పెట్టెలు ఉన్నవారికి కాదు.

లాగార్డియా సంగతి వచ్చింది కాబట్టి, కాలిఫోర్నియా నుంచి అక్కడికి నేరుగా విమానాలు ఎందుకు కనిపించవో కూడా చెప్పాలి. ఆ విమానాశ్రయానికి 1,500 మైళ్ళకు మించిన దూరం నుంచి నేరుగా విమానాలు నడపకూడదన్న నియమం ఉంది, డెన్వర్‌కూ శనివారాలకూ మాత్రమే మినహాయింపు. వాషింగ్టన్ నగరానికి ఆనుకుని ఉన్న రీగన్ విమానాశ్రయానికి కూడా ఇలాగే 1,250 మైళ్ళ పరిమితి ఉంది, అయితే దానికి చట్టం ద్వారా ఇచ్చిన మినహాయింపులు కొన్ని ఉన్నాయి. డాలస్ నగరానికి బాగా దగ్గరగా ఉన్న లవ్ ఫీల్డ్ నుంచి విదేశీ విమానాలు నడపడానికి చట్టం ఒప్పుకోదు. ఇవన్నీ గుర్తు పెట్టుకోనక్కరలేదు గాని, నగరానికి దగ్గరగా ఉన్న విమానాశ్రయం ప్రతి ప్రయాణానికీ పనికొస్తుందని అనుకోకూడదన్న విషయం మాత్రం తెలిసి ఉండాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కూడా ఇదే తీరు. సన్నీవేల్‌లోనో కుపర్టినోలోనో ఉన్న స్నేహితుల ఇంటికి వెళుతూ, అలవాటైన పేరు కనుక శాన్‌ఫ్రాన్సిస్కోకే టికెట్ కొనేవారు ఎందరో. ఆ ఊళ్ళకు శాన్‌హోసే విమానాశ్రయం చాలా దగ్గర, పైగా అది చిన్నది కావడం వల్ల దిగి బయటికి రావడం తేలిక. ఫ్రీమాంట్ వెళ్ళేవారు శాన్‌హోసేతో పాటు ఓక్లాండ్‌ను కూడా పోల్చి చూసుకోవాలి. నగరంలోకే వెళ్ళేవారికి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం అనుకూలం, బార్ట్ అనే స్థానిక రైలు దాని లోపలికే వస్తుంది. అయితే అక్కడ పొగమంచు సమస్య ఒకటుంది. జంటగా ఉన్న రన్‌వేల మధ్య ఎడం 750 అడుగులే కావడం వల్ల, మబ్బు కిందికి దిగిన ఉదయాల్లో రెండు విమానాలు పక్కపక్కన దిగడం కుదరక, గంటకు దిగే విమానాల సంఖ్య తగ్గి ఆలస్యాలు మొదలవుతాయి. ఉదయం ఇంటర్వ్యూ ఉన్నవారు ముందు రోజే చేరుకోవడమో, ఓక్లాండ్‌నో శాన్‌హోసేనో ఎంచుకోవడమో మంచిది.

వాషింగ్టన్ వెళ్ళేవారిలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఇళ్ళున్న వారికి డల్లస్ (Dulles) విమానాశ్రయం పక్కనే ఉన్నట్టు, ఇది పైన చెప్పిన డాలస్ నగరం కాదు. 2022 నవంబరు నుంచి మెట్రో సిల్వర్ లైన్ కూడా అక్కడికి వస్తోంది. బాల్టిమోర్ వైపు, మేరీలాండ్‌లోని కొలంబియా వైపు వెళ్ళేవారు బీడబ్ల్యూఐ అనే బాల్టిమోర్ విమానాశ్రయం చూసుకోవాలి.

విమానాశ్రయం పేరులో నగరం పేరు ఉన్నంత మాత్రాన అది ఆ నగరంలో ఉన్నట్టు కాదు. ఐరోపాలో ఇది మరీ ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది, పారిస్-బోవే అని పిలిచేది పారిస్ నుంచి సుమారు 85 కిలోమీటర్లు. చవక విమాన సంస్థలు ఇలాంటి చోట్లకే ఎక్కువగా నడుపుతాయి. లండన్ పేరు పెట్టుకున్నవే ఆరు: హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌతెండ్. వీటిలో నగర మెట్రో రైలు నేరుగా వెళ్ళేది హీత్రోకు, డీఎల్ఆర్ అనే చిన్న నగర రైలు వెళ్ళేది సిటీకి. గాట్విక్ నుంచి విక్టోరియా స్టేషన్‌కు రైలులో అరగంట, స్టాన్‌స్టెడ్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌కు సుమారు యాభై నిమిషాలు. టోక్యోలో హనేడా నగర మధ్యానికి దాదాపు 15 కిలోమీటర్లు, నరీతా 60 కిలోమీటర్లు. టికెట్లు వెతికేటప్పుడు ఒక్కో విమానాశ్రయం సంకేతం కొట్టడం కన్నా, న్యూయార్క్‌కు ఎన్‌వైసీ (NYC), లండన్‌కు ఎల్‌ఓఎన్ (LON) లాంటి నగర సంకేతం కొడితే ఆ నగరానికి చెందినవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అయితే ఆ జాబితాలో మొదట వచ్చినదాన్ని వెంటనే కొనకుండా, ప్రతి వరుసలోనూ రాక విమానాశ్రయం ఏమిటో విడిగా చదవడం తప్పనిసరి.

దగ్గరగా ఉన్నదే ఎప్పుడూ మేలని నేను అనడం లేదు. దగ్గరి విమానాశ్రయానికి మధ్యలో ఒకచోట మారి వెళ్ళాలి, కాస్త దూరంగా ఉన్నదానికి నేరుగా విమానం ఉంది, అక్కడినుంచి మంచి రైలు కూడా ఉంది అనుకోండి. నేను నేరుగా వెళ్ళేదాన్నే ఎంచుకుంటాను. మారే చోట తరువాతి విమానం తప్పిపోతే పోయేది ఒక రోజు, రైలులో అదనంగా కూర్చుంటే పోయేది ముప్పావు గంట.

విదేశం నుంచి అమెరికాకు వచ్చేవారు ఇంకొక విషయం చూసుకోవాలి. మీ గమ్యం ఏ ఊరైనా, దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ జరుగుతుంది. సాధారణంగా పెట్టెలు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలి. కనుక మొదట దిగే ఊళ్ళో తరువాతి విమానానికి మధ్య వ్యవధి ఎంత ఉందన్నది చాలా ముఖ్యం. గంటన్నర వ్యవధి ఉన్న టికెట్‌ను అమ్మేవారు అమ్ముతారు గాని, కొత్తవారు కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోవాలని నా అభిప్రాయం. ఏ విమానాశ్రయంలో ఏ గంటకు ఇమ్మిగ్రేషన్ వరుసలో ఎంతసేపు పడుతోందో అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. టికెట్ కొనేముందు అది ఒకసారి చూడండి. అబుదాబి, డబ్లిన్, టొరంటో లాంటి కొన్ని చోట్ల అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కకముందే పూర్తవుతుంది, అలా వచ్చినవారు అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లాగే దిగి బయటికి వెళ్ళిపోతారు. వరుసల్లో నిలబడలేని పెద్దవాళ్ళకు అది పెద్ద ఊరట. అయితే ఆ తనిఖీకి సమయం అక్కడ పడుతుంది కాబట్టి, అక్కడి వ్యవధి తగినంత ఉండాలి. షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాల్లో, పద్ధతి కొంత వేరు. పాస్‌పోర్టు తనిఖీ మొదట దిగిన షెంగెన్ దేశంలోనే అవుతుంది గాని, ఒకే టికెట్ మీద ఉంటే పెట్టెలు చివరి ఊరిదాకా వాటంతట అవే వెళ్ళిపోతాయి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ఒకే నగరంలో ఒక విమానాశ్రయంలో దిగి, మరో విమానాశ్రయంలో ఎక్కే టికెట్లు కొనకండి. జేఎఫ్‌కేలో దిగి న్యూవర్క్‌లో ఎక్కడం, హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కడం కాగితం మీద నాలుగు గంటల వ్యవధితో బాగానే కనిపిస్తుంది. కాని ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, రోడ్డు ప్రయాణం, మళ్ళీ చెక్-ఇన్, మళ్ళీ భద్రతా తనిఖీ అన్నీ ఆ నాలుగు గంటల్లోనే ఇమడాలి. రెండూ వేర్వేరు టికెట్లు అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ రెండో సంస్థకు మీపట్ల ఏ బాధ్యతా ఉండదు. లండన్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. విమానాశ్రయం మారాలంటే బ్రిటన్ సరిహద్దు తనిఖీ దాటి బయటికి రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి దానికి తగిన వీసా గాని, నిబంధనల ప్రకారం మినహాయింపు గాని లేకపోతే, బయలుదేరే చోటనే విమానం ఎక్కనివ్వరు.

తల్లిదండ్రులను మొదటిసారి పిలిపించుకునేవారు పైన చెప్పిన దూరాల లెక్కను కొంత పక్కన పెట్టాలి. వాళ్ళకు ముఖ్యం తక్కువసార్లు విమానం మారడం, అంతా ఒకే టికెట్ మీద ఉండడం, వీల్‌చైర్ సాయం ముందే నమోదై ఉండడం, బయటికి వచ్చే తలుపు దగ్గర మీరు నిలబడి ఉండడం. వాళ్ళు మధ్యలో మారకుండా మీ ఇంటికి రెండు గంటల కారు దూరంలోని పెద్ద విమానాశ్రయానికి రాగలిగితే, మీ ఊరి చిన్న విమానాశ్రయం దాకా ఇంకొక విమానం ఎక్కించవద్దు. మీరే కారు నడుపుకుంటూ వెళ్ళి తెచ్చుకోండి. ఏ టెర్మినల్‌లో దిగుతారో ముందే చూసుకోవాలి. జేఎఫ్‌కే లాంటి చోట ఒక టెర్మినల్ నుంచి మరొక దానికి నడిచి పోవడం తేలిక కాదు, అమ్మానాన్నలు ఒకచోట, మీరు మరొకచోట ఎదురుచూస్తూ ఉండిపోతారు.

దిగే వేళ కూడా ఎంపికను మార్చేస్తుంది. షికాగోలో ఓహేర్ నుంచి బ్లూ లైన్ రైలు రాత్రంతా నడుస్తుంది కాబట్టి అర్ధరాత్రి దిగినా దారి ఉంటుంది. బార్ట్‌లో, టోక్యో రైళ్ళలో అర్ధరాత్రి ప్రాంతంలో సేవ ఆగిపోతుంది, నరీతాలో రాత్రి ఆలస్యంగా దిగినవారు చాలా దూరం టాక్సీలో పోవడమో, అక్కడే హోటల్ చూసుకోవడమో తప్ప వేరే మార్గం ఉండదు. ఒంటరిగా వచ్చే విద్యార్థులకు నేను పగటివేళ దిగే విమానాన్నే తీసుకోమని చెబుతాను, దాని ధర కొంచెం ఎక్కువైనా సరే. అలాగే ఆ రోజు ఆ మార్గంలో వెళ్ళే ఆఖరి విమానాన్ని తీసుకోకండి. అది రద్దయితే మర్నాటి దాకా ఆగాల్సిందే. రోజుకు ఒక్క విమానమే ఉన్న చిన్న విమానాశ్రయంతో కూడా ఇదే ఇబ్బంది, అదే సంస్థ రోజంతా పలు విమానాలు నడిపే పెద్ద విమానాశ్రయమైతే తరువాతి దాంట్లో సీటు దొరికే అవకాశం ఉంటుంది.

తొందరలో తప్పు విమానాశ్రయానికి టికెట్ కొనేశామని తెలిస్తే, అమెరికాలో ఒక వెసులుబాటు ఉంది. ప్రయాణానికి ఏడు రోజులు లేదా అంతకన్నా ముందు, నేరుగా విమాన సంస్థ దగ్గరే కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు అదే ధరకు సీటు పట్టి ఉంచాలి. ఈ రెండింటిలో ఒకటి సంస్థ తప్పక చేయాలన్నది అక్కడి రవాణా శాఖ నిబంధన. మధ్యవర్తి వెబ్‌సైట్లలో కొన్నవారికి ఈ నియమం అలాగే వర్తించదు, వాళ్ళ షరతులు విడిగా చదవాలి. కాబట్టి టికెట్ కొన్న రోజే చిరునామా, దిగే వేళ, ఇంటికి చేరే దారి మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి. తిరుగు ప్రయాణం ఏ విమానాశ్రయం నుంచి ఉందో కూడా చూడండి, ఎందుకంటే వెతికే సైట్లు వెళ్ళేటప్పుడు ఒకచోటికీ, వచ్చేటప్పుడు వేరొకచోటి నుంచీ కలిపి చవక టికెట్లు చూపిస్తుంటాయి. న్యూవర్క్‌లో దిగి అద్దె కారు తీసుకున్నవారు తిరుగు విమానం లాగార్డియా నుంచి అయితే, కారును వేరేచోట ఇచ్చినందుకు అదనపు రుసుము కట్టాలో లేదో ఆ అద్దె సంస్థను ముందే అడగాలి.