సమాధానం: పాలిటెక్నిక్‌లో చేరితే బీటెక్ దారి మూసుకుపోతుందా?

మూసుకుపోదండీ. మీ బాబుకు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు చేతిలో ఉన్నా, ‘డిప్లొమా అంటే చిన్న చదువు, ఇంటర్లో చేర్పించు’ అని బంధువులు భయపెడుతున్నారని రాశారు. వాళ్ల మాట పక్కన పెట్టండి. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ (డిప్లొమా చదివినవాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాసి ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ దారిలో వెళ్లినవాళ్లకు పట్టే ఆరేళ్లే వీళ్లకూ పడతాయి. పైగా మధ్యలోనే చేతికి ఒక ఉద్యోగార్హత వస్తుంది: రైల్వే జూనియర్ ఇంజనీరు పోస్టులకు సంబంధిత బ్రాంచి డిప్లొమా చాలు.

అయితే ఈసెట్‌ను తేలిగ్గా తీసుకోకండి. 200 మార్కుల్లో 100 బ్రాంచి సబ్జెక్టులవి, 50 గణితానివి. మొదటి ఏడాది లెక్కల పుస్తకాన్ని అటకెక్కించిన పిల్లలు అక్కడే తడబడతారు. డాక్టరు కావాలనే ఆలోచన ఏ మూలనున్నా మాత్రం బైపీసీయే సరి.

బయట కంప్యూటర్ సెంటర్లు ఇచ్చే ఆరునెలల ‘డిప్లొమా’ సంగతి వేరు, దాన్ని దీంతో కలపకండి. పాలిటెక్నిక్ పట్టా ఇచ్చేది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి. చేరేముందు కాలేజీకి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఆమోదం ఉందో లేదో చూసుకోండి.

బాబుకు ఏ బ్రాంచి ఇష్టమో రాయండి, కాలేజీల గురించి మాట్లాడుకుందాం.